బండిలో దీపం నిలవలేదు

మా అత్త మునిలక్ష్మమ్మ మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. ఒక్కటే ఉంది. ఆమె ఏ ప్రయాణానికీ రాదు, కానీ మా ప్రయాణాలన్నీ ఆమే చేస్తుంది. మదనపల్లెలో తన మంచం మీద కాళ్లు చాపుకుని, ఫోను స్పీకరులో పెట్టుకుని, మేము ఏ మలుపులో హారను కొట్టాలో, ఏ ఊరి నీళ్లు తాగకూడదో చెబుతూ ఉంటుంది. ఇల్లు చేరేసరికి అలసట మాకు, ఊళ్లు చూసిన తృప్తి ఆమెకు.

ఈసారి బయల్దేరేటప్పుడు నా చేతికి ఒక ఇత్తడి ప్రమిద, నువ్వుల నూనె సీసా ఇచ్చింది.

"ఆ బండిలో పొయ్యి ఉండాది, పరుపు ఉండాది, గిన్నెలుండాయి. సక్రాలున్నంత మాత్రాన ఇల్లు కాకుండా పోతాదా? పొద్దుగూకేటప్పటికి దీపం పెట్టల్ల. వీడియో కాల్ చేసి నాకు సూపించల్ల" అంది.

"బండిలో నిప్పేందత్తా?" అన్నాను.

"గ్యాసు పొయ్యి పెట్టుకొని పోతాండారు. నా దీపమొక్కటే మీకు నిప్పయిపోయిందా?"

ప్రమిద సంచిలో పెట్టుకున్నాను.

ఆ బండి మా ఆయన జయచంద్ర కల. ఆయనకు మదనపల్లెలో టమాటా మండీ ఉంది. ఎవరో విదేశీ జంట బండినే ఇల్లుగా చేసుకుని, ద్రాక్షతోటల మధ్య తిరుగుతూ, సాయంత్రాలు గాజు గ్లాసులు పట్టుకుని నవ్వుకునే వీడియోలు ఆ చలికాలమంతా చూశాడు. మాకు మాత్రం ద్రాక్షతోటలు లేవా అన్నాడు. ఉన్నాయి. కాకపోతే వాళ్లు నవ్వుకుంటున్నది చల్లటి గాలిలో, మేము బయల్దేరింది మే నెలలో.

పాత స్కూలు వ్యాను ఒకటి కొని, షెడ్డులో ఇచ్చి కారవాన్ చేయించాడు. వెనక ఎత్తుగా ఒక బెర్తు, పక్కన గట్టు మీద గ్యాసు పొయ్యి. సామాన్లు ముందుకు జారకుండా డ్రైవరు సీటు వెనక మోకాలెత్తున ప్లైవుడ్ అడ్డం. ఎండ రాకుండా కిటికీలన్నిటికీ థర్మాకోల్ అంటించి, సందుల్లో రబ్బరు వేయించాడు. బెర్తు కొలతలు ఇచ్చిన రోజు ఆయన కూర్చుని ఉన్నాడేమో, పడుకుంటే కాళ్లు మోకాళ్ల దాకా గాలిలో వేలాడాయి. అందుకని బెర్తు నాకు వదిలేసి తను కింద చాప పరుచుకున్నాడు.

"నేల సల్లగా ఉంటాది. తెలివైనోడు యాడ పడుకుంటాడో సూడు" అన్నాడు.

పుంగనూరు దాటాక వెంకటరమణప్ప తోటలో మొదటి మజిలీ. ఆయన మా మండీకి టమాటా వేసే రైతు. కొన్నేళ్లుగా సరిహద్దు అవతలి వైన్ ఫ్యాక్టరీ కోసం నల్లద్రాక్ష పెట్టాడు. పందిరి కింద నిలబడితే నీడ ఉంది గానీ చల్లదనం లేదు. ఎండకు కాయలు పందిరి మీదే వడలిపోయి ముడతలు పడ్డాయి. ఫ్యాక్టరీవాళ్లు వచ్చి చూసి, తీపి మించిపోయిందని వదిలేసి వెళ్లారట. గుత్తుల చుట్టూ కందిరీగలు మూగి, తోటంతా ఒకటే రొద. ఆ పూట బండిలో దీపం పెడితే నిశ్చింతగా వెలిగింది. అత్త చూసి, వత్తి లావయిందని ఒక మాట అని, సంతోషించింది.

తెల్లవారి మా ఆయన తలలో ఇంకో వీడియో తిరిగింది.

"వెంకటరమణప్పా, ఈ కాయ పారేసేదెందుకు? నేనే వైన్ చేస్తా."

"మీకు తెలుసునాప్పా?"

"కాయ మాగబెట్టేది మండీవోనికి నేర్పించాల్నా?"

మాగబెట్టడం విషయంలో మా ఆయనతో వాదన పనికిరాదు. మండీ వెనక ఒక గది ఉంది. అందులో పచ్చికాయ పోసి, గోనెపట్టాలు కప్పి, తలుపు బిగించేస్తారు. ఆయన చెప్పకుండా ఆ తలుపు ఎవరైనా తీశారంటే, ఆ రోజు ఇంట్లో అన్నం కూడా చప్పుడు కాకుండా నమలాలి. వేడి బయటికి పోకూడదు, గాలి లోపలికి రాకూడదు. ఆయనకు తెలిసిన శాస్త్రమంతా అంతే, ఇప్పటిదాకా అది ఆయన్ని మోసం చేయలేదు.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నిండా ద్రాక్ష పోసి, పిసికి, బెల్లం కలిపి, బండిలో బెర్తు పక్కన ఎక్కించారు. ఎవరైనా ఆపి అడిగితే ద్రాక్షరసమని, చుట్టాలు అడిగితే వైనని చెప్పాలని నాకు పాఠం అయింది.

"మూత బిగించొద్దప్పా, పొంగితే పగిలిపోతాది" అన్నాడు వెంకటరమణప్ప.

"మూత వదులుగానే పెడతాం. బండి బిగిస్తాం" అన్నాడు మా ఆయన.

పలమనేరు మీదుగా బైరెడ్డిపల్లె వైపు వచ్చేసరికి డ్రమ్ము మాట్లాడడం మొదలుపెట్టింది. గుడగుడమని లోలోపల, గోడ అవతల ఎవరో మన గురించే చెప్పుకుంటున్నట్టు. రోడ్డు పక్కన ఒక మామిడి తోపులో ఆగాం. వడగాలి కొడుతోందని తలుపులన్నీ వేశాడు. బండి కప్పుకు బిగించిన చిన్న ఫ్యాను వేడిని అటూ ఇటూ తిప్పుతోంది.

పొద్దుగూకింది. అడ్డం పక్కన నేల మీద పీట వేసి దీపం వెలిగించి, అత్తకు కాల్ చేశాను. ఆమె తెరమీదికి వచ్చేలోపే వెలుగు చిన్నదైపోయింది. వత్తి చివర నీలంగా కాసేపు వణికి, ఎవరో రెండు వేళ్లతో నొక్కినట్టు పోయింది. మళ్లీ వెలిగించాను. ఈసారి అగ్గిపుల్ల కూడా వత్తి దాకా వెళ్లకుండానే పోయింది.

అత్త మొహం తెర నిండా దగ్గరికొచ్చింది.

"కొండెక్కిందా?" అంది అత్త. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. "అమ్మా రాజేశ్వరీ, వెనక్కి తిరిగి వచ్చేయండి. ఈ ప్రయాణం వద్దు."

"గాలికి పోయిందిలేమ్మా" అన్నాడు మా ఆయన చాప మీద నుంచే.

నేను చుట్టూ చూశాను. తలుపులు వేసి ఉన్నాయి. కిటికీలకు థర్మాకోల్. సందుల్లో రబ్బరు. గాలి అనేది లేనందుకే కదా మేము అలా ఉడుకుతున్నది.

"ఏ గాలికండీ?"

"నీ వత్తి బాగలేదు. పొయ్యి వెలుగుతానే ఉండాది కదా!"

నిజమే. గట్టు మీద పొయ్యి బాగానే వెలిగింది. చారు కాగింది. దీపం మాత్రం నిలవలేదు.

మరునాడు పొద్దున బెర్తు దిగబోతూ ఆగిపోయాను. ఆయన చాప చుట్టూ బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయి. దిండు పక్కన ఒక బల్లి, తెల్లటి పొట్ట పైకి పెట్టి. నాలుగు రకాల మందులు కొట్టినా మా వంటింట్లో ఇంత శుభ్రంగా ఎప్పుడూ చావలేదు. ఇంకో రోజయితే ఆ కిటుకేమిటో కనుక్కునేదాన్ని.

ఆయన్ని లేపడానికి చాలాసేపు పట్టింది. లేచి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మొహం కందిపోయి ఉంది. ఊపిరి ఎగపోస్తున్నాడు, మెట్లెక్కి వచ్చినవాడిలా.

"రాత్రి ఎవురో రొమ్ము మీద కూసున్నట్టుండెనే" అన్నాడు.

"నాకూ తలనొప్పిగా ఉంది. ఈ డ్రమ్ము ఇక్కడే దించేద్దాం. ఇది బండెక్కినప్పటి నుంచి ఏదీ బాగాలేదు."

"నువ్వు కూడా మా అమ్మ మాదిరి శకునాలు సెప్తాండావా? డిగ్రీ యాల సదివినట్టు?"

"శకునమో ఏమో నాకు తెలియదు. బల్లి చచ్చింది, బొద్దింకలు చచ్చాయి. వరసలో తర్వాత ఎవరో మీరే చూసుకోండి."

ఆయన నవ్వి, తల నొప్పెట్టి, నవ్వు మధ్యలో ఆపేశాడు. బండి కదిలి, ముందు అద్దాలు దించాక ఇద్దరికీ తల తేలికపడింది. ప్రయాణమే మందని తేల్చాడు ఆయన. నాకు మాత్రం ఒక సంగతి గుచ్చుకుంటూనే ఉంది. బండి ఆగి, తలుపులు పడితే ఈ మనిషి జబ్బుపడుతున్నాడు. నేను ఆయన్ని ఇంటికి తీసుకుపోవాలి, నిలబెట్టి తీసుకుపోవాలి. అప్పటికి నా ఆలోచనంతా అదే. ఎందుకు జబ్బుపడుతున్నాడన్న దగ్గర మాత్రం బుర్ర ఆగిపోతోంది. ఆ ఎండలో బుర్ర కూడా వడలిపోతుంది కాబోలు.

రామకుప్పం ఇవతల, అడవి అంచున, రాగిచేల పక్కన ఒక చింతచెట్టు కింద ఆపాం. ఎదురుగా బయ్యమ్మ అనే ఆవిడ ఇల్లు. కూరగాయలు పండిస్తుంది. మేము దిగీ దిగగానే ఆమె ముక్కు ఎగబీల్చింది.

"ఏమప్పా తెచ్చినారు బండిలో? కల్లు మాదిరి వాసన కొడతాండాది!"

"ద్రాక్షరసం" అన్నాడు మా ఆయన పాఠం తప్పకుండా.

"రసమో ఏందో, ఈడ పెట్టొద్దండి సామీ. నిన్న పొద్దుగూకినప్పుడు మా పనసచెట్టు కాడికి ఏనుగులొచ్చి ఉన్నాయి. మాగిన వాసనొస్తే అవి దావ తప్పవు. రేకుల గోడే నిలవలా, మీ బండెంత?"

చూపించింది. చేను మధ్య కొత్త రేకులు నలిగి, చాక్లెట్టు కాగితంలా పడి ఉన్నాయి. మట్టిలో గుండ్రటి గుంటలు, ఒక్కోదాంట్లో నా ఇత్తడి పళ్లెం పడుతుంది. దూరంగా అడవి దిక్కున ఏనుగుల్ని తోలడానికి ఎవరో డబ్బా వాయిస్తున్నారు. ఆగి ఆగి వాయిస్తున్నారు.

"ఇప్పటికైనా పారబోద్దామండీ" అన్నాను.

"వాసన బయటికి పోకుంటే సాలు గదా. నీ పాత చీర ఒకటి ఇయ్యి."

చీర చింపి, పక్క తలుపు చుట్టూ, వెనక తలుపు చుట్టూ పేలికలు కుక్కాడు. పైన టేపు వేశాడు. కప్పు మీది ఫ్యానుకూ అట్టముక్క అడ్డం పెట్టాడు. లోపల ఇక ముందు తలుపు ఒక్కటే దారి, అది కూడా అద్దాలు ఎత్తి. ఏనుగు వాసన పట్టలేనంతగా మా ఇంటిని బిగించానని చూసుకుని మురిసిపోయాడు. మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద వాలాడు.

"నువ్వూ పడుకో."

"నేను బయ్యమ్మ దగ్గర పెరుగు తెస్తాను. ఇందులో నాకు ఊపిరాడడం లేదు."

పెరుగు తోడుకునేదాకా కాదు గానీ, కబుర్లు తోడుకునేదాకా కూర్చున్నాను. బయ్యమ్మ ఇంటి అరుగు మీద వేడిగానే ఉంది, కానీ అక్కడి వేడిలో గాలి ఉంది. డబ్బా చప్పుడు దగ్గరవుతోంది. ఇద్దరమూ చెవులు అటే పెట్టి, నోటితో ఇంకేదో మాట్లాడుకున్నాం. పొద్దు వాలింది. అత్త ఫోను చేసింది.

"దీపం పెట్టినావా? ఈ పొద్దు నిలబడల్ల. నాకు ఎడమకన్ను అదరతానే ఉండాది."

"పెడతానత్తా."

ఫోను కట్ చేయకుండానే ముందు తలుపు తీసి, డ్రైవరు సీటు మీదుగా, అడ్డం దాటి లోపలికి దిగాను. డ్రమ్ము గుడగుడలు తప్ప చప్పుడు లేదు. ఆయన గుర్రు వినపడలేదు. పెళ్లయినప్పటి నుంచి ఏ శబ్దం గురించి నేను అందరికీ చాడీలు చెప్పానో, ఆ శబ్దం లేదు. చాప మీద వెల్లకిలా ఉన్నాడు. పెదవులు రంగు మారాయి. చీకట్లో అలా కనిపిస్తున్నాయేమో అనుకుని, వెలుతురు కోసం ప్రమిద గట్టు మీద పెట్టి వెలిగించాను. బాగా వెలిగింది.

ప్రమిద పట్టుకుని ఆయన మొహం దగ్గరికి వంగాను. నా మోకాళ్ల దాకా వచ్చేసరికి దీపం పోయింది.

మళ్లీ గట్టు మీద వెలిగించాను. నిలువుగా, నిశ్చలంగా వెలిగింది. కిందికి దించాను. అదే ఎత్తులో, నీళ్లలో ముంచినట్టు పోయింది. ఆ అడ్డం ఎంత ఎత్తుందో అంత దాకా బండిలో ఏదో నిండి ఉంది. కంటికి కనిపించదు, దానికంటూ వాసన లేదు. మా ఆయన దాని అడుగున పడుకుని ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, కాలేజీ ల్యాబు. గాజుజాడీలోకి వెలిగే పుల్లను దించితే ఆరిపోతుంది. కార్బన్ డయాక్సైడు, గాలి కన్నా బరువు, పులిసే ప్రతిదాంట్లోంచీ పుడుతుంది. ఆ ప్రశ్నకు పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్న మనిషిని నేనే.

ఊపిరి బిగబట్టి, వంగి, ఆయన్ని దాటి వెనక తలుపు దగ్గరికి వెళ్లాను. టేపు ఊడి రాలేదు. పేలికలు చేతికి అందినన్ని పీకాను. కళ్ల ముందు నల్లటి చుక్కలు. కాలితో తన్నాను, ఇంకోసారి తన్నాను, మూడోసారికి తలుపు విసురుగా తెరుచుకుని నేనే బయట మట్టిలో పడ్డాను.

"బయ్యమ్మా! బయ్యమ్మా!"

ఆమె ఏనుగే అనుకుని చేతిలో డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. చాప అంచు చెరో పక్క పట్టి లాగాం. ఆయన తల మెట్టుకు కొట్టుకుంది, దానికి అప్పుడు బాధపడే తీరిక లేదు. చింతచెట్టు కింద పడుకోబెట్టి చొక్కా గుండీలు తెంచాను. ఛాతీ కదలలేదు. చెంప మీద కొట్టాను. పెళ్లిలో తలంబ్రాలు పోసినప్పటి నుంచి దాచుకున్న బలమంతా పెట్టి కొట్టాను. అప్పుడు ఒక్కసారిగా, నీళ్లలోంచి తేలినవాడిలా ఊపిరి లోపలికి లాక్కుని, దగ్గాడు. ఫోను ఎక్కడో పడి, అందులోంచి మా అత్త "దీపం యాడమ్మా, దీపం యాడ?" అని అరుస్తూనే ఉంది.

బండి అక్కడే వదిలి, ఆటోలో కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆక్సిజన్ పెట్టారు. డ్రమ్ము సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఇంకాస్త ఆలస్యమైతే మీరు తెచ్చేది మనిషిని కాదు, శవాన్ని అని చెప్పింది. మా ఆయనకు తెలివి వచ్చింది, మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట "వడదెబ్బ."

"వడదెబ్బ కాదండీ, డ్రమ్ము."

"డాక్టరమ్మకు మండీ గురించి ఏం తెలుసు? ఇన్నేండ్లు కాయ మాగబెట్టలేదా నేను? ఎవురన్నా సచ్చినారా?"

"అక్కడ గదిలో కాయను పెట్టి మీరు బయట ఉంటారు. ఇక్కడ మీరే లోపల పడుకున్నారు."

"వడదెబ్బే" అని అటు తిరిగాడు. అత్త ఫోనులో ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. ఆమెకూ వడదెబ్బేనని చెప్పాడు.

మరునాడు మధ్యాహ్నం నేను కాఫీ తీసుకుని వార్డులోకి వచ్చేసరికి ఆయన ఫోను మోగుతోంది. మునిరాజు. మా మండీ డ్రైవరు. ఈయన పొద్దున నాకు చెప్పకుండా అతనికి ఫోను చేసి, డ్రమ్ములో సరుకు మాగుతోందని, బస్సులో రామకుప్పం వచ్చి బండి తీసుకుపొమ్మని చెప్పాడట. నేను ఎత్తి, హలో అని స్పీకరు నొక్కాను.

"వచ్చేసినానమ్మా. ఏనుగుల భయానికి ఈడోళ్లు తలుపులన్నీ మళ్లీ మూసి, గుడ్డలు కుక్కి పెట్టినారు. బయట నిప్పులు కురస్తాండాయి. లోపల సాప ఉండాది, కొంచేపు పడుకొని, ఎండ తగ్గినాక బయల్దేరతా."

కాఫీ కిటికీలో పెట్టేశాను. "మునిరాజూ, యాడుండావు ఇప్పుడు?"

"లోపలే. పడుకోనుండా." ఆవలించాడు. "ఎండకేమో, తల తిరుగుతాండాది."

"వెంటనే తలుపు తీసి బయటికి రా! ఆ డ్రమ్ములోంచి విషం లాంటి గాలి వస్తాంది. నేల మీద పడుకోవద్దు!"

అతను నవ్వాడు. మత్తుగా, నిదానంగా. "మాగేటప్పుడు తలుపు తియ్యాల్నామ్మా? అప్ప నన్ను బతకనిస్తాడా?"

ఫోను ఆయన మొహం ముందు పెట్టాను. "చెప్పండి."

ఆయన నన్ను చూశాడు. "మునిరాజూ, బయటికి రారా. తలుపు తియ్యి."

"మీరు నన్ను పరీక్ష సేస్తాండారప్పా. పోయినేడు మండీలో మీరే తియ్యమని సెప్పి, తీసినాక అందరి ముందర తిట్టినారు. సరుకు చెడిపోతే నామీద పడతాది. నేను తియ్యను."

మాట ముద్దముద్దగా వస్తోంది. వాక్యం చివర ఊపిరి ఎగపోత. నిన్న పొద్దున చాప మీద నేను విన్న ఊపిరే. అది విన్నాక మా ఆయన మొహంలో రంగు దిగిపోయింది. ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం పీకేసి, లేచి కూర్చున్నాడు.

"రేయ్, సరుకు పోతే పోనీరా! మాగబెట్టేది కాదది. నాకు తెలీలేదు. నిన్న నేను ఆడే సచ్చిపోయుందును, రాజేశ్వరి ఈడ్చి బయట వేసింది. తప్పు నాది. ఇనపడతాందా? లెయ్!"

అవతల ఏదో కింద పడిన చప్పుడు. తలుపు గడియ. బయటి గాలి హోరు, దాని మీద మునిరాజు దగ్గు. దగ్గి దగ్గి, చాలాసేపటికి మాట వచ్చింది.

"బయటికొచ్చినానప్పా... ఏందో అన్నారే, సరిగ్గా సెవిన పడలేదు."

వార్డులో పక్క మంచాలవాళ్లు, వాళ్లను చూడ్డానికి వచ్చినవాళ్లు, సెలైన్ మారుస్తున్న నర్సమ్మ, అందరూ మావైపే చూస్తున్నారు. మా ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తప్పు నాదంటిరా" అన్నాడు గట్టిగా. "రాజేశ్వరి చెప్పింది, మాయమ్మ చెప్పింది, నేను ఇనలేదు. నాదే తప్పు."